ఏడు సెకండ్ల దరువు – 'జంగిల్' సంగీతం: ఒక పరిచయం

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సి. విద్యార్థి)

జంగిల్ అంటే మనకు అడవి. కాని నేను వ్రాయబోయేది అడవిని గురించి కాదు. లండన్ నగరంలో 1991–94 సంవత్సరాల మధ్య రూపు దిద్దుకున్న ఒక నాట్య సంగీతానికి 'జంగిల్' అని పేరు. దీనిలో వాయిద్యగాళ్లు పక్కపక్కన కూర్చుని వాయించడం వుండదు. పాత గ్రామఫోను రికార్డుల్లోంచి ముక్కలు కోసుకొచ్చి, వాటిని యంత్రంలో నింపి, ఒకదానికొకటి అతికించి పాట చేస్తారు. డ్రమ్స్ నిమిషానికి 160, 170 దెబ్బల వేగంతో పరుగెత్తుతుంటాయి. అడుగున బేస్ మాత్రం అందులో సగం వేగంతో, లోడు బండిని ఎడ్లు లాగుతున్నట్టు, నింపాదిగా నడుస్తుంటుంది. ఒకే పాటలో రెండు కాలాలు. నాట్యం చేసేవాళ్లలో కొందరు పైవేగానికి కాళ్లాడిస్తే, కొందరు కింది వేగానికి తల ఊపుతారు. ఇద్దరిదీ తప్పు కాదు.

మా హాస్టల్లో రాత్రిపూట ఎవరో ఒకరు ఇలాంటి పాట పెడతారు. వెంటనే పక్క గదిలోంచి "ఏంరా, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడిస్తున్నావా?" అని కేక వస్తుంది. నచ్చడం నచ్చకపోవడం ఎవరి ఇష్టం వారిది. అయితే ఆ గులకరాళ్ల వెనక కొంత భౌతికశాస్త్రం వుంది, కొంత చరిత్ర వుంది, ఇంకా తేలని ఒక న్యాయం సంగతి వుంది. నేటికీ జంగిల్ పోకడలతో కొత్త రికార్డులు విడుదలవుతూనే వున్నాయి. ఒక అసలు పాట, దాని వెంట అదే పాటకు వేరువేరు మనుషులు చేసిన మూడో నాలుగో రీమిక్స్‌లు – సాధారణంగా ఇదీ వాటి పద్ధతి. అలాంటి రికార్డు చేతికందితే ఏమి వినాలి, ఎవరిని వినాలి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది.

మొదట విత్తనం సంగతి చూద్దాం. ఈ సంగీతానికి నిజంగానే ఒక విత్తనం వుంది. అమెరికాలో 'ది విన్‌స్టన్స్' అనే బృందం 1969లో ఒక చిన్న రికార్డు విడుదల చేసింది. పైవైపు పాట పేరు 'కలర్ హిమ్ ఫాదర్'. అది బాగా ఆడింది, గ్రామీ బహుమతి కూడా తెచ్చుకుంది. వెనకవైపు నింపడానికి 'ఆమెన్, బ్రదర్' అనే వాయిద్యపు ముక్క ఒకటి వేశారు. ఆ ముక్కలో ఒకచోట మిగతావాళ్లంతా ఆగిపోతారు. డ్రమ్స్ వాయించే గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయిస్తాడు. నిమిషానికి 137 దెబ్బల నడక. ఆవర్తానికి నాలుగు దెబ్బల చొప్పున మొత్తం పదహారు. లెక్క కట్టి చూడండి: దెబ్బకు 0.438 సెకండు, పదహారు దెబ్బలకు సరిగ్గా ఏడు సెకండ్లు. దీనినే 'ఆమెన్ బ్రేక్' అంటారు.

ఆ ఏడు సెకండ్లలో ఏముంది? మొదటి రెండు ఆవర్తాలూ ఒకటే. మూడోదానిలో స్నేర్ డ్రమ్ము మీద పడవలసిన దెబ్బ ఒకటి కాస్త ఆలస్యంగా పడుతుంది. నాలుగోదానిలో మొదటి దెబ్బ అసలు పడదు. అక్కడ ఖాళీ. చెవి ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తూ వుండగానే దరువు మెలికతిరిగి, కంచుపళ్లెం అనుకున్నదానికన్నా ముందే మోగుతుంది. మెట్టు వుందనుకుని కాలు వేస్తే లేకపోయినప్పుడు ఒళ్లు ఎట్లా ఝల్లుమంటుందో అట్లా వుంటుంది. ఈ తడబాటు తెలిసీ చేసిన తడబాటు. జంగిల్ అంతా ఈ ఒక్క లక్షణం మీదనే పెరిగిందని నా అభిప్రాయం.

ఆ రికార్డును పదిహేడేళ్లపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1986లో న్యూయార్కులో పాత రికార్డుల్లోని మంచి డ్రమ్స్ భాగాలున్న పాటల్ని ఏరి 'అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్' అనే పేరుతో సంపుటాలుగా వేశారు. అందులో ఈ పాట కూడా చేరింది. అప్పటికే అక్కడ డీజేలు రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, డ్రమ్స్ భాగాన్నే మళ్లీ మళ్లీ వేసి జనాన్ని ఆడించడం నేర్చివున్నారు. 1973లో బ్రాంక్స్ పేటలో ఈ పద్ధతికి నాంది పలికిన డీజే కూల్ హెర్క్ జమైకా ద్వీపంలో పుట్టినవాడు. ఈ జమైకాను గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది. ఎన్.డబ్ల్యు.ఏ. బృందం 1988లో 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' పాటకు కోల్‌మన్ దరువును వేగం తగ్గించి వాడింది. అదే సంపుటం సముద్రం దాటి లండన్ కుర్రవాళ్ల చేతుల్లో పడింది. వాళ్లు తగ్గించలేదు, పెంచారు.

పెంచడమంటే ఏమిటి? ఇక్కడే మన భౌతికశాస్త్రం. రికార్డును వేగంగా తిప్పితే దరువు వేగం పెరుగుతుంది, దానితోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది. రెండూ విడదీయరానివి, ఎందుకంటే ఒక సెకండులో సూది కింద నుంచి పోయే కంపనాల సంఖ్య పెరిగింది కదా. 137 నడకను 165కి పెంచామనుకోండి. 165ని 137తో భాగిస్తే సుమారు 1.2. అంటే ఆరుకు అయిదు నిష్పత్తి. సంగీతం తెలిసిన మిత్రులు దీన్ని వెంటనే గుర్తుపడతారు. షడ్జానికి, సాధారణ గాంధారానికి మధ్య వున్న నిష్పత్తి ఇదే. కోల్‌మన్ డ్రమ్ములన్నీ షడ్జం నుంచి గాంధారానికి ఎక్కి కూర్చుంటాయన్నమాట. దరువు ఏడు సెకండ్ల నుంచి 5.8 సెకండ్లకు కుదించుకుపోతుంది. స్నేర్ డ్రమ్ము బిగుసుకుని, ఎండలో కాచిన డప్పులా టంగుమంటుంది. జంగిల్ రికార్డుల్లో డ్రమ్స్ అంత సన్నగా, చురుగ్గా వినబడడానికి మూల కారణం ఇదే.

ఈ పనికి వాడిన యంత్రం పేరు సాంప్లర్. జపాను దేశపు అకాయి కంపెనీ 1986లో ఎస్900, 1988లో ఎస్950, ఎస్1000 అనే నమూనాలు అమ్మింది. ధ్వనిని సెకండుకు వేలసార్లు కొలిచి, ఆ కొలతల్ని అంకెలుగా దాచుకోవడం దీని పని. ఎస్1000 సెకండుకు 44,100 సార్లు కొలుస్తుంది. మనిషి చెవి గరిష్ఠంగా 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దేన్నయినా సరిగా పట్టాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపుకు మించి కొలవాలన్నది నైక్విస్ట్ సూత్రం కాబట్టి ఆ అంకె. ఏడు సెకండ్లకు 3,08,700 కొలతలు, కొలతకు రెండు బైట్లు. కోల్‌మన్ వాయించిందంతా 6,17,400 బైట్లలో సరిపోతుంది. ఆనాటి ఫ్లాపీ డిస్కులో సగం కూడా నిండదు.

అయినా అప్పటి యంత్రాల్లో జాగా తక్కువ. ఎస్950 కొన్నప్పుడు దానిలో వుండేది 750 కిలోబైట్లే. అందుకని కుర్రవాళ్లు ఒక ఎత్తు వేశారు. 33 చుట్ల రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి యంత్రంలోకి ఎక్కించేవారు. ఏడు సెకండ్ల ముక్క అయిదుంబావు సెకండ్లలో ఎక్కుతుంది. తరువాత యంత్రంలో నెమ్మది చేసుకునేవారు. జాగా మిగులుతుంది, ధ్వనిలో కొంచెం గరుకు మిగులుతుంది. ఆ గరుకే తరువాత అందమైంది. లేమి వల్ల పుట్టిన అలవాట్లు ఇట్లాగే అందాలవుతుంటాయి. మా ఇంట్లో అంబలి సంగతీ అంతే.

ఇక టైమ్ స్ట్రెచింగ్. శ్రుతి మారకుండా నిడివి మాత్రమే మార్చడం ఎట్లా? ధ్వనిని చిన్న చిన్న గింజలుగా, అంటే సెకండులో యాభయ్యో వంతు ముక్కలుగా, కోస్తామనుకోండి. సాగదీయాలంటే ప్రతి గింజనూ రెండుసార్లో మూడుసార్లో వినిపిస్తే సరి. గింజ లోపలి కంపనాలు మారలేదు కనుక శ్రుతి మారదు. మరీ ఎక్కువ సాగదీస్తే మాత్రం దొరికిపోతుంది. సెకండులో యాభయ్యో వంతు గింజ పదేపదే తిరిగితే అదే 50 హెర్ట్జ్ మోతగా చెవికి తగులుతుంది. గొంతు లోహపు గొట్టంలోంచి వచ్చినట్టు 'గ్ర్‌ర్‌ర్' మంటుంది. యంత్రం తయారుచేసినవారి దృష్టిలో అది లోపం. లండన్ కుర్రవాళ్లకు అదే కావలసి వచ్చింది. 1992లో గోల్డీ అనే కళాకారుడు విడుదల చేసిన 'టెర్మినేటర్' వినండి. దరువు నడక మారకుండానే శ్రుతి ఎక్కడికో ఎక్కిపోతూ, దిగిపోతూ వుంటుంది. రికార్డు తిప్పడంలో విడదీయరానివని ఇందాక చెప్పిన రెంటినీ అక్కడ విడదీసి చూపించాడు.

మరొక పని కోత. ఏడు సెకండ్ల ముక్కను దెబ్బ దెబ్బకూ విడగొట్టి ఒక్కొక్కదాన్ని కీబోర్డులో ఒక్కొక్క మీట మీద పెడతారు. ఇక కోల్‌మన్ వాయించిన వరుస వుండదు, వీళ్లిష్టమైన వరుస. చెయ్యి కోల్‌మన్‌ది, వాక్యం మాత్రం వేరేవాడిది. మనిషి చేతులతో వాయించలేనంత వేగంగా స్నేర్ దెబ్బలు వరదలాగా వస్తాయి. అయినా ప్రతి దెబ్బలోనూ 1969 నాటి గది గాలి, తోలు బిగువు, కర్ర బరువు అట్లాగే వుంటాయి. అచ్చంగా యంత్రం పుట్టించిన దరువుకూ, దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు జమైకాకు రావాలి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కూలీలు, నర్సులు, డ్రైవర్లు కావలసి వచ్చి బ్రిటన్ తన వలస దేశాల వారిని రానిచ్చింది. 1948 జూన్‌లో 'ఎంపైర్ విండ్రష్' ఓడ మీద వచ్చినవారిలో జమైకా వారే ఎక్కువ. వారి వెంట వారి పాటలు వచ్చాయి. పాటల వెంట సౌండ్ సిస్టమ్ వచ్చింది. సౌండ్ సిస్టమ్ అంటే మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. బొలెరో బండి మీదో డీసీఎం మీదో మనిషెత్తు స్పీకర్ పెట్టెలు పేర్చి, జనరేటర్ తగిలించి, పెళ్లి ఊరేగింపుకో వినాయక నిమజ్జనానికో వూరంతా అదరగొట్టే 'డీజే' మన పల్లెల్లో వుంది కదా. కింగ్‌స్టన్ వీధుల్లో 1950ల నుంచే అట్లాంటివి వున్నాయి. ఏ సిస్టమ్ వాడిది బలమో తేలడానికి పోటీలు పడేవారు.

ఆ పోటీల్లోంచే 'వెర్షన్' పుట్టింది. ఒక పాటలోంచి గొంతు తీసేసి వాద్యం మాత్రమే వుంచి రికార్డు వెనకవైపు వేయడం 1960ల చివర అక్కడ అలవాటయింది. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబీ అనే మెకానిక్కు (అసలు పేరు ఆస్‌బోర్న్ రడక్) దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. డ్రమ్స్, బేస్ మాత్రం వుంచి, గొంతును ఒక మాట వినిపించి మాయం చేసి, ప్రతిధ్వని కలిపి, అదే పాటను కొత్త పాట చేశాడు. దీన్ని 'డబ్' అన్నారు. రీమిక్స్ అనే కళకు మూలపురుషుల్లో ముఖ్యుడు, నన్నడిగితే, ఈ రిపేరు షాపు మనిషే. కాలేజీల్లో సంగీతం చదివినవాడు కాదు, సోల్డరింగ్ పట్టినవాడు.

కాబట్టి జంగిల్‌లో కింద నింపాదిగా నడిచే బేస్ జమైకా వాళ్లది, మీద పరుగెత్తే దరువు అమెరికా నల్లజాతి వాళ్లది. ఇద్దరి వారసులూ లండన్ పేటల్లోని ఎత్తయిన కౌన్సిల్ భవనాల్లో కలిశారు. 1991లో హాక్నీ ప్రాంతంలో మొదలైన కూల్ ఎఫ్.ఎం. వంటి లైసెన్సు లేని రేడియోలు భవనాల పైకప్పుల మీద ఏంటెన్నాలు కట్టి ఈ పాటలు ప్రసారం చేశాయి. పోలీసులు పీకేసేవారు, వీళ్లు మళ్లీ కట్టేవారు. షై ఎఫ్ఎక్స్, యు.కె. అపాచీల 'ఒరిజినల్ నట్టా', ఎం-బీట్, జనరల్ లెవీల 'ఇన్‌క్రెడిబుల్' – ఈ రెండూ 1994లో వచ్చి పేట దాటి దేశమంతా వినబడ్డాయి. 1997లో రోనీ సైజ్ బృందానికి 'న్యూ ఫార్మ్స్' మీద బ్రిటన్ వారి మెర్క్యురీ బహుమతి వచ్చింది. 1999లో అదే బహుమతి లండన్‌లో పుట్టిన మన పంజాబీ తబలా వాద్యకారుడు టాల్విన్ సింగ్‌కు వచ్చింది. ఆయన తబలాను ఈ వేగపు దరువుల పక్కన కూర్చోబెట్టినవాడు. రెండేళ్ల ముందు ఆయన కూర్చిన 'అనోఖా' సంపుటంలో స్టేట్ ఆఫ్ బెంగాల్ అనే కళాకారుడి పాట ఒకదానికి 'ఫ్లైట్ ఐసీ 408' అని పేరు. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానపు నంబరు పాటకు పేరయింది!

ఇక రీమిక్స్. ఈ మాట మనకు సినిమాల ద్వారా తెలుసు. 1982 నాటి 'దేవత' సినిమాలోని బిందెల పాట 2019లో 'గద్దలకొండ గణేష్'లో తిరిగి వచ్చింది. అట్లాంటివి ఇంకా ఎన్నో. మన సినిమా వాళ్లు బాణీని, మాటల్ని అట్లాగే వుంచి దరువు మారుస్తారు. పాట గుర్తుపట్టేట్టు వుండాలి, ఈలలు పడాలి. జంగిల్‌లో రీమిక్స్ ఇందుకు తలకిందులు. బాణీ వుండొచ్చు, వుండకపోవచ్చు. ఒక్క నిట్టూర్పు, ఒక్క తీగ మోత వుంచుకుని మిగతా ఇల్లంతా పడగొట్టి మళ్లీ కట్టవచ్చు. గోల్డీ 1994లో 'ఇన్నర్ సిటీ లైఫ్' విడుదల చేసినప్పుడు పేషే, రోనీ సైజ్ వంటివారు దానికి రీమిక్స్‌లు చేశారు. డయాన్ షార్ల్‌మేన్ అనే గాయని గొంతే అసలు పాటకు ప్రాణం. రోనీ సైజ్ వాద్యపు రూపంలో ఆ గొంతు తప్పుకుని దరువు ముందుకొస్తుంది. రెండూ ఒకదాని తరువాత ఒకటి వింటే ఒకే పొలంలో ఖరీఫ్, రబీ చూసినట్టుంటుంది.

ఇంకో ఆచారం కూడా చెప్పాలి. పాట తయారైన రాత్రే దాన్ని మెత్తని లక్క పూత వున్న లోహపు పళ్లెం మీద కోయించుకునేవారు. దీన్ని డబ్‌ప్లేట్ అంటారు. నలభై, యాభైసార్లు తిప్పితే అరిగిపోయేది. దాన్ని డీజేకిచ్చి, పెద్ద స్పీకర్ల మీద జనం ముందు వినిపించి, జనం కాళ్లు ఎక్కడ ఆగాయో చూసి, ఇంటికెళ్లి దిద్దుకునేవారు. ప్రయోగశాల అంటే ఇదే కదా! ఫోనులో ఈ పాటలు విని చప్పిడిగా వున్నాయనేవాళ్లకు నా జవాబు కూడా ఇక్కడే వుంది. 50 హెర్ట్జ్ బేస్ తరంగదైర్ఘ్యం దాదాపు ఏడు మీటర్లు. మా హాస్టల్ గది పొడవు అంత లేదు. అరచేతి ఫోనులో గోరంత స్పీకరు ఆ గాలిని ఎట్లా కదిలిస్తుంది? సగం పాట మాయమై, గులకరాళ్లే మిగులుతాయి. కనీసం మంచి ఇయర్‌ఫోన్లయినా వుండాలి.

నేటి తరంలో ఈ సంగీతాన్ని మళ్లీ ముందుకు తెచ్చినవారిలో నియా ఆర్కైవ్స్ ఒకరు. ఆమె ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టింది, జమైకా మూలాలున్న కుటుంబం. నల్లజాతి సంగీతానికిచ్చే మోబో బహుమతుల్లో ఎలక్ట్రానిక్ నాట్య సంగీతానికి చోటు లేకపోతే, దాన్ని తిరిగి పెట్టమని ఆమె నిర్వాహకులకు బహిరంగలేఖ వ్రాసింది. 2022లో పెట్టారు, ఆ యేడు బహుమతి ఆమెకే వచ్చింది. 2024లో ఆమె 'సైలెన్స్ ఈజ్ లౌడ్' వచ్చింది. జంగిల్ దరువు మీద సొంత గొంతుతో ఇంటి సంగతులు, ఒంటరితనం పాడుతుంది. ముప్పయ్యేళ్ల నాటి దరువు ఇంకా కొత్త మాటలు మోయగలదని తెలియడానికి అది మంచి వుదాహరణ.

ఇంతవరకు వచ్చాం కనుక మొదట చెప్పిన న్యాయం సంగతి దాటవేయకూడదు. కోల్‌మన్ దరువు వేలకొద్దీ పాటల్లోకి వెళ్లింది. 'పవర్‌పఫ్ గర్ల్స్' కార్టూను ముందు వచ్చే సంగీతంలో కూడా అదే. అంటే మనలో చాలామందిమి చిన్నప్పుడు టీవీ ముందు కూర్చుని, పేరు తెలియకుండానే కోల్‌మన్‌ని విన్నవాళ్లమే. ఈ వేల పాటల నుంచి అతనికి ముట్టింది ఏమీ లేదు. 2006లో అట్లాంటా నగరంలో, ఇల్లూ వాకిలీ లేని స్థితిలో చనిపోయాడు. తన ఏడు సెకండ్లు ఇంత దూరం పోయాయని అతనికి తెలిసే వుండదని బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ అభిప్రాయపడ్డాడు. స్పెన్సర్‌కే ఈ సంగతి 1996లో తెలిసింది, అదీ బ్రిటన్ నుంచి ఒక రికార్డు కంపెనీ వారు అసలు టేపు కోసం వాకబు చేస్తే. హక్కు పత్రం స్పెన్సర్ దగ్గరే వుంది. కాని అమెరికా చట్టం ప్రకారం కాపీరైటు దావాకు మూడేళ్ల గడువు. 2015లో మార్టిన్ వెబ్‌స్టర్ అనే బ్రిటన్ డీజే చందాలు పోగుచేసి సుమారు 24,000 పౌండ్లు స్పెన్సర్‌కు అందించాడు. అప్పటికి కోల్‌మన్ పోయి తొమ్మిదేళ్లు. స్పెన్సర్ 2020లో మరణించాడు.

దీన్ని పచ్చి దొంగతనం అనేవారున్నారు. నేను అంత తొందరగా అనలేను. 'ఆమెన్, బ్రదర్' కూడా ఆకాశం నుంచి వూడిపడలేదు. చర్చీల్లో పాడుకునే 'ఆమెన్' పాట దాని మూలం. 1964లో ది ఇంప్రెషన్స్ బృందం ఆ పాటను ప్రచారంలోకి తెచ్చింది. విన్‌స్టన్స్ దాన్ని తీసుకుని తమదిగా చేసుకున్నారు. తీసుకోవడం, మార్చడం, ఇంకొకరికివ్వడం – పాట బతికేదే అట్లా. లండన్ కుర్రవాళ్లు ప్రతి ముక్కకూ అనుమతి పత్రాల కోసం తిరిగివుంటే జంగిల్ పుట్టేదే కాదు. వాళ్లూ డబ్బున్నవాళ్లేం కాదు.

మా ఇంట్లో వరి విత్తనం బజారు నుంచి తేవడం తక్కువ. నాయన పంటలో మంచి చెక్క చూసి, ఆ వడ్లు విడిగా కొట్టించి, వేపాకు వేసి దాస్తాడు. పక్కింటివాళ్లు అడిగితే బస్తాకు బస్తా మార్పిడి. అట్లా ఇల్లిల్లూ తిరిగిన విత్తనం సాంబ మసూరి. బాపట్ల పరిశోధనా కేంద్రంలో తయారై 1986లో విడుదలైంది. ఇన్ని చేతులు మారినా మా వూళ్లో ఏ రైతునడిగినా 'బీపీటీ' అనే అంటాడు. ఆ మొదటి అక్షరాల్లో బాపట్ల వుంది. 2008లో హైదరాబాదు శాస్త్రవేత్తలు అదే రకంలోకి ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులు చేర్చి కొత్త విత్తనం విడుదల చేశారు. దానికి ఏమని పేరు పెట్టారు? మెరుగుపరచిన సాంబ మసూరి అని. తల్లి పేరు తీసెయ్యలేదు. విత్తనం అందరి చేతుల్లోకీ పోయింది, పేరు మాత్రం దానితోపాటే పోయింది. లండన్ రికార్డుల మీద లోపించింది ఇది. డబ్బు సంగతి లాయర్లు చూసుకుంటారు. లేబుల్ మీద 'డ్రమ్స్: గ్రెగరీ కోల్‌మన్' అని అచ్చువేయడానికి ఏ చట్టం కావాలి? దానికయ్యేది ఒక్క వరుస సిరా.

మనం వాళ్లను వేలెత్తి చూపడానికి లేదు. మన జిల్లాల్లో డీజే రీమిక్స్ జానపదాలు వినండి. రీమిక్స్ చేసినవాడి పేరు, వాడి వూరి పేరు పాట మధ్యలో అరనిమిషానికొకసారి ప్రతిధ్వనితో సహా వినబడుతుంది. అందులో తీన్మార్ దరువు వాయించిన డప్పు మనిషి పేరు ఒక్కసారి కూడా వినబడదు. ఆ దరువు ముక్కలు ఫోన్లలో చేతులు మారుతుంటాయి. మొదట ఎవరు వాయించారో, ఏ పెళ్లిలో రికార్డయిందో అడిగేవాడు లేడు. డప్పు మనిషి మాత్రం ఆ డీజే బండి వచ్చాక పిలుపులు తగ్గి కూలికి పోతున్నాడు. తన దరువే తనకు పోటీ వచ్చిందన్నమాట. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు పాడేవారికి, వాయించేవారికి వాణిజ్య వినియోగంలో రాయల్టీ హక్కు చేర్చారు. చట్టం వుంది. పేరే తెలియనివాడికి రాయల్టీ ఏ చిరునామాకు పంపుతారు? మన కళాశాల వార్షికోత్సవాల్లో మిత్రులు చేసే మిక్స్‌లకు కూడా ఇది వర్తిస్తుంది. డప్పు ముక్క వాడితే వాయించిన మనిషి పేరు కనుక్కుని స్టేజీ మీద చెప్పాలని యూనియన్ వారికి నా మనవి. కనుక్కోవడం కష్టం కాదు, ఒక పూట వూరికి పోయి రావడమే.

చివరగా వినే పద్ధతి. రీమిక్స్‌లున్న రికార్డు దొరికితే ముందు అసలు పాటను రెండుసార్లు, ఒకసారి పైవేగానికి, ఒకసారి కింది వేగానికి వేళ్లతో తాళం వేస్తూ వినండి. తరువాత ఒక్కొక్క రీమిక్స్‌లో ఏది వుంచారు, ఏది తీశారు అని చూడండి. స్నేర్ దెబ్బ ఆలస్యంగా పడిందా, మొదటి దెబ్బ దగ్గర ఖాళీ వుందా అని చెవి పెట్టండి. వుంటే అది చాలావరకు కోల్‌మనే. ఆ తరువాత 'ఆమెన్, బ్రదర్' కూడా వినండి, రెండున్నర నిమిషాల ముక్క. ఒక నిమిషం ఇరవయ్యారో సెకండు దగ్గర బాకాలు ఆగిపోతాయి.